గుగులోత్ సౌమ్య

గుగులోత్ సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆడే ఫార్వర్డ్. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో వ్యవసాయం మీద బతికే లంబాడా కుటుంబంలో 2001లో పుట్టింది. కెంక్రే, గోకులం కేరళ, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులకు ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ భారత మహిళల లీగ్ గెలిచినప్పుడు జట్టు దాడికి ప్రధాన బలం ఆమే. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెకు దక్కింది. తెలంగాణ నుంచి ఈ గౌరవం పొందిన తొలి మహిళ సౌమ్యే. ఆమె ఆడిన క్లబ్బుల్లో ఒక్కటీ తెలుగు నేల మీదిది కాదు. ప్రతి మెట్టుకూ ఊరు దాటి, రాష్ట్రం దాటి, ఒక దశలో దేశమే దాటి వెళ్లాల్సి వచ్చింది. అందుకే ఆమె ఆటను ఎంత మెచ్చుకుంటామో, ఆమె నడిచిన దారిని కూడా అంత శ్రద్ధగా చూడాలి.

హైదరాబాద్ ఫుట్‌బాల్ వారసత్వం

తెలంగాణకు ఫుట్‌బాల్ కొత్త ఆట కాదు. 1950లలో దేశంలోనే పెద్ద ఫుట్‌బాల్ కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత జట్టుకూ కోచ్‌గా పనిచేశాడు. ఆయన శిక్షణలోనే భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరామ్ ఈ గాలిలో పెరిగినవాళ్లే.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరామ్ 1950ల చివర్లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, ఆ జట్టుకు సారథ్యం కూడా వహించాడు. ఆరు దశాబ్దాలు దాటాక అదే ఎరుపు-పసుపు చొక్కా నిజామాబాద్ తండా అమ్మాయి ఒంటి మీదికి వచ్చింది. ఈ రెండు పేర్ల మధ్య తేడా కూడా ఉంది. బలరామ్ తరానికి హైదరాబాద్‌లో పోలీసు జట్టు, స్థానిక లీగ్, వాటి చుట్టూ పోగయ్యే జనం ఉండేవారు. సౌమ్య ఆట మొదలుపెట్టేనాటికి ఆ వైభవం చాలామటుకు తరిగిపోయింది. వైభవం నిండుగా ఉన్న రోజుల్లోనూ అది మగవాళ్ల ఆటగానే సాగింది.

భారత మహిళల ఫుట్‌బాల్: నేపథ్యం

దేశంలో మహిళల ఫుట్‌బాల్‌కు 1970లలో ప్రత్యేక సమాఖ్య ఏర్పడింది. 1980 జనవరిలో కోళికోడ్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీల్లో భారత్ రన్నరప్‌గా నిలిచింది. 1983లో మళ్లీ అదే స్థానం దక్కించుకుంది. ఆ ఏడాదే శాంతి మల్లిక్ అర్జున పురస్కారం అందుకుంది. ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. నిధులు తక్కువ, పోటీలు తక్కువ. చైనా, జపాన్, కొరియాలు ముందుకు సాగిపోతుంటే భారత్ ఎక్కడిదక్కడే ఉండిపోయింది. 1990లలో మహిళల ఆట అఖిల భారత సమాఖ్య గొడుగు కిందికి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో మణిపూర్, ఒడిశా, తమిళనాడు, హరియాణా అమ్మాయిలే జట్టుకు వెన్నుదన్నుగా నిలిచారు. ఒయినం బెంబెం దేవి, బాలా దేవి మణిపూర్ వాళ్లు, సస్మితా మాలిక్ ఒడిశాకు చెందినది.

భారత మహిళల లీగ్ 2016-17లో మొదలైంది. మొదట్లో జట్లన్నీ ఒకే ఊరికి చేరి కొద్ది వారాల్లో ఆడి ముగించేవి. మిగతా ఏడాదంతా క్రీడాకారిణికి పోటీ మ్యాచ్ అరుదు. సొంత మైదానంలో ఒకటి, ప్రత్యర్థి మైదానంలో ఒకటి ఆడే పద్ధతి 2023-24లో గానీ రాలేదు. ఆ పద్ధతి వచ్చాకే లీగ్ నెలల తరబడి సాగే నిజమైన సీజన్ అయింది. ఫార్వర్డ్‌కు ఈ మార్పు ఎంతో విలువైనది. గోల్ కొట్టే నైపుణ్యం వరస మ్యాచ్‌లతోనే పదునెక్కుతుంది. ఒక వారం తప్పిన అవకాశాన్ని మర్నాటి నుంచి సాధనలో సరిచేసుకుని, పై వారం మళ్లీ పరీక్షించుకునే వీలుండాలి. సౌమ్య ఈ రెండు పద్ధతుల్లోనూ ఆడింది. ఆమె అత్యుత్తమ సీజన్ రెండో పద్ధతిలో వచ్చింది.

బాల్యం, తొలి శిక్షణ

సౌమ్య తల్లిదండ్రులు వ్యవసాయం చేసుకునేవాళ్లు. బడిలో ఆమెకు మొదట పేరు తెచ్చినది పరుగు పందెం. ఆ వేగాన్ని గమనించిన స్థానిక కోచ్ ఆమెను ఫుట్‌బాల్ వైపు మళ్లించాడు. నిజామాబాద్‌లోని శిక్షణ కేంద్రంలో ఆట నేర్చుకుని, వయో విభాగాల జాతీయ శిబిరాలకు ఎంపికై, టీనేజీలోనే భారత జూనియర్ జట్లకు ఆడింది.

నిజామాబాద్ జిల్లాకు క్రీడల్లో ప్రత్యేక స్థానం ఉంది. బాక్సింగ్‌లో 2022, 2023 సంవత్సరాల్లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన నిఖత్ జరీన్ ఈ జిల్లాదే. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఈ జిల్లా అమ్మాయే. వీళ్ల వెనుక ఒక బడి, ఒక గురుకులం, ఒక కోచ్ ఇలా ఎవరో ఒకరు సరైన వయసులో గుర్తుపట్టి చేయి పట్టుకున్న కథ ఉంటుంది. సౌమ్య కథ కూడా అలాంటిదే.

పరుగు నుంచి ఫుట్‌బాల్‌కు రావడం పైకి కనిపించినంత సులువు కాదు. పరుగు పందెంలో గీత ముందే గీసి ఉంటుంది, చూపు ముందుకే ఉంటుంది. ఫుట్‌బాల్‌లో బంతిని అదుపులో ఉంచుకుంటూనే పరిగెత్తాలి, హఠాత్తుగా ఆగాలి, దిశ మార్చాలి, ఎదుటి డిఫెండర్ బరువు ఏ కాలి మీద ఉందో కనిపెట్టాలి. వేగం ఒక్కటే ఉంటే బంతి కాలి నుంచి జారి డిఫెండర్‌కు అందుతుంది. వేగానికి బంతి మీద పట్టు తోడైతేనే వింగర్ తయారవుతుంది.

క్లబ్ ఆట: ముంబై, కోళికోడ్, జాగ్రెబ్

భారత మహిళల లీగ్‌లో సౌమ్య ముంబై జట్టు కెంక్రే తరఫున అడుగుపెట్టింది. అక్కడి నుంచి కోళికోడ్ కేంద్రంగా ఉన్న గోకులం కేరళకు వెళ్లింది. అప్పట్లో దేశంలో అన్నింటికన్నా బలమైన మహిళల జట్టు అదే. 2020లో లీగ్ గెలిచిన గోకులం 2021లో జోర్డాన్‌లోని అకాబాలో ఆసియా మహిళల క్లబ్ పోటీల్లో ఆడి, ఉజ్బెకిస్థాన్ జట్టు బున్యోద్‌కోర్‌ను 3-1తో ఓడించింది. 2022 మేలో మళ్లీ లీగ్ విజేతగా నిలిచింది. ఆ జట్టులో మనీషా కల్యాణ్ వంటి భారత క్రీడాకారిణులతోపాటు ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగత్తెలూ ఉండేవారు. శిక్షణలో రోజూ అలాంటివాళ్లను ఎదుర్కోవడమే పెద్ద చదువు.

2022లో సౌమ్య, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ కలిసి క్రొయేషియా రాజధానికి వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుతో ఒప్పందం కుదుర్చుకున్నారు. భారత మహిళలకు యూరప్ తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న కాలమది. గోల్ కీపర్ అదితి చౌహాన్ 2015లో ఇంగ్లాండ్‌లో వెస్ట్ హామ్‌కు ఆడింది. బాలా దేవి 2020లో స్కాట్లాండ్ జట్టు రేంజర్స్‌తో వృత్తి ఒప్పందం చేసుకుంది. మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్ జట్టు అపోలాన్‌లో చేరి యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలైంది. ఆ వరసలో తెలంగాణ పేరు చేర్చింది సౌమ్య. తండాలో పెరిగిన అమ్మాయి ఇరవై ఒక్కేళ్లకు మధ్య యూరప్ చలిలో, తెలియని భాషలో కోచ్ చెప్పేది పట్టుకుంటూ పోటీ లీగ్ ఆడటం మాటలు కాదు. స్వదేశానికి వచ్చాక ఆమె మళ్లీ గోకులం కేరళకే ఆడింది.

ఈస్ట్ బెంగాల్: 2024-25 సీజన్

సౌమ్య క్లబ్ ప్రస్థానంలో శిఖరం ఈస్ట్ బెంగాల్‌లో వచ్చింది. గోకులంను 2022, 2023లలో విజేతగా నిలిపిన ఆంథోనీ ఆండ్రూస్ ఇక్కడ కోచ్. ఆయన పద్ధతి తెలిసిన క్రీడాకారిణులు కొందరు ఆయన వెంట వచ్చారు. లీగ్‌లో ఆడింది ఎనిమిది జట్లు: ఈస్ట్ బెంగాల్, గోకులం కేరళ, ఒడిశా, కిక్‌స్టార్ట్, సేతు, హాప్స్, శ్రీభూమి, నీతా అకాడమీ. పశ్చిమ బెంగాల్, కేరళ, ఒడిశా, కర్ణాటక, తమిళనాడు, ఢిల్లీలకు చోటు దక్కిన ఈ పట్టికలో తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు.

2025 ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్, అప్పటి విజేత ఒడిశా ఎదురెదురయ్యాయి. గెలిస్తే చివరి రౌండ్ దాకా ఆగకుండానే టైటిల్ ఈస్ట్ బెంగాల్ సొంతమవుతుంది. మొదటి అర్ధభాగంలో గోల్ రాలేదు. ఇలాంటి మ్యాచ్‌లో సమయం గడిచేకొద్దీ పట్టికలో ముందున్న జట్టు కాళ్లకే బరువెక్కువ. డ్రాతో సరిపెట్టుకోవాలా, తెగించి ముందుకు వెళ్లాలా అన్న ఊగిసలాట మొదలవుతుంది. రెండో అర్ధభాగంలో సౌమ్య ఆ ఊగిసలాటకు తెరదించింది. ఆమె కొట్టిన ఒక్క గోల్‌తో 1-0తో మ్యాచ్, దాంతోపాటే టైటిల్ ఈస్ట్ బెంగాల్‌వి అయ్యాయి. పురుషుల జట్టు 2003-04లో జాతీయ లీగ్ గెలిచాక ఆ క్లబ్‌కు మళ్లీ జాతీయ లీగ్ టైటిల్ తెచ్చింది మహిళల జట్టే.

సీజన్ మొత్తంలో సౌమ్య 9 గోల్స్ కొట్టి భారత క్రీడాకారిణుల్లో మొదటి స్థానంలో నిలిచింది. లీగ్‌లో అత్యధికంగా 24 గోల్స్ చేసింది గోకులంకు ఆడిన ఉగాండా ఫార్వర్డ్ ఫజిలా ఇక్వాపుట్. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే అసలు సంగతి తెలుస్తుంది. భారత లీగ్‌లో గోల్స్ భారం చాలావరకు విదేశీ ఫార్వర్డ్‌ల మీదే ఉంటుంది. జట్లు కీలక స్థానాన్ని వాళ్లకే ఇస్తాయి. అలాంటి చోట అంచు నుంచి ఆడుతూ 9 గోల్స్ చేయడం చిన్న సంగతి కాదు. జాతీయ జట్టుకు కూడా గోల్స్ చేయగల స్వదేశీ ఫార్వర్డే కావాలి.

ఈ విజయంతో ఈస్ట్ బెంగాల్ ఆసియా మహిళల ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లింది. 2025 ఆగస్టులో ప్రాథమిక దశ దాటి, నవంబర్‌లో చైనాలోని వుహాన్‌లో జరిగిన గ్రూప్ దశలో ఇరాన్ జట్టు బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించింది.

భారత జట్టులో

2022 ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆసియా క్లబ్ పోటీల కోసం అప్పటికే తాష్కెంట్ చేరుకున్న గోకులం మహిళల జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి రావాల్సి వచ్చింది. పాలకుల తగాదాకు మూల్యం క్రీడాకారిణులు చెల్లించారు. నెలాఖరుకు సస్పెన్షన్ తొలగడంతో, సెప్టెంబర్‌లో కాఠ్‌మాండూలో జరిగిన దక్షిణాసియా మహిళల పోటీల్లో భారత్ ఆడగలిగింది. సెప్టెంబర్ 7న పాకిస్థాన్‌పై 3-0 విజయంలో ఆఖరి గోల్ సౌమ్యది. ఆట ముగిసే ఘడియల్లో, ఇంజురీ సమయంలో కొట్టింది. మాల్దీవులపై 9-0 గెలుపులోనూ ఆమె పేరిట ఒక గోల్ ఉంది. సెమీఫైనల్లో నేపాల్ చేతిలో 0-1తో ఓడి భారత్ ఇంటిదారి పట్టింది.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టులో సౌమ్య ఉంది. అక్కడ చైనీస్ తైపీ చేతిలో 1-2తో, థాయ్‌లాండ్ చేతిలో 0-1తో భారత్ ఓడింది. రెండూ ఒక్క గోల్ తేడా ఓటములే.

ఆ ఓటముల లోటు తీరే సమయం 2025 వేసవిలో వచ్చింది. ఆసియా కప్ అర్హత పోటీలు థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో జరిగాయి. గ్రూప్ నుంచి ఒక్క జట్టుకే అవకాశం. జూన్ 23న మంగోలియాపై భారత్ 13-0తో గెలిచింది. ప్యారీ ఖాఖా ఐదు గోల్స్ కొట్టగా సౌమ్య రెండు చేసింది. తర్వాత తిమోర్-లెస్తేపై 4-0, ఇరాక్‌పై 5-0. అటు ఆతిథ్య థాయ్‌లాండ్ కూడా మూడు మ్యాచ్‌లూ గెలిచింది. ఆఖరి మ్యాచ్‌కు ముందు రెండు జట్లకూ తొమ్మిదేసి పాయింట్లు, ఇద్దరూ కొట్టినవి 22 గోల్స్, ఇద్దరూ ఇచ్చినవి సున్నా. పట్టికలో వెంట్రుకవాసి తేడా కూడా లేదు. థాయ్‌లాండ్ 2015, 2019 ప్రపంచకప్‌లు ఆడిన జట్టు, ర్యాంకుల్లో అప్పటికి భారత్ కన్నా ఎంతో పైన ఉంది, పైగా సొంతగడ్డ. జులై 5న సంగీతా బాస్‌ఫోర్ రెండు గోల్స్‌తో భారత్ 2-1తో గెలిచింది. అర్హత పోటీల ద్వారా భారత మహిళలు ఆసియా కప్‌కు చేరడం అదే మొదటిసారి. 2022లో ఆతిథ్య దేశంగా నేరుగా ఆడే అవకాశం వచ్చినా, కొవిడ్ సోకడంతో జట్టు మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. ఈసారి ఆ చోటు మైదానంలో గెలుచుకున్నది. 2026 మార్చి నాటి ఈ ఆస్ట్రేలియా పోటీల్లో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీలతో కలిపి భారత్‌కు గ్రూప్ కేటాయించారు.

బ్రెజిల్ అనుభవం

ఆసియా కప్‌కు ఉన్న మరో ప్రాముఖ్యం, అది 2027 మహిళల ప్రపంచకప్‌కు దారి కావడం. ఆ ప్రపంచకప్‌కు ఆతిథ్యం ఇస్తున్నది బ్రెజిల్. ఫుట్‌బాల్‌కు పుట్టిల్లుగా మనం భావించే ఆ దేశమే 1941లో మహిళలు ఈ ఆట ఆడకుండా చట్టం చేసింది. 1979 దాకా నిషేధం తొలగలేదు. నిషేధం ఇంకా ఉండగానే 1978లో సాల్వడార్‌లో పుట్టిన ఫార్మీగా, తర్వాత ఏడు ప్రపంచకప్‌లు, ఏడు ఒలింపిక్స్ ఆడింది. పురుషుల్లోగానీ మహిళల్లోగానీ ఏడు ప్రపంచకప్‌లు మొదట ఆడింది ఆమే. ఈశాన్య బ్రెజిల్‌లోని డోయిస్ రియాచోస్ అనే చిన్న ఊళ్లో పుట్టిన మార్తా పద్నాలుగేళ్లకు ఇల్లు వదిలి రియో చేరింది, ఆపై స్వీడన్ వెళ్లి ఉమియో క్లబ్‌కు ఆడింది. ప్రపంచకప్‌లలో 17 గోల్స్, ఆరుసార్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి గౌరవం, 2004, 2008, 2024 ఒలింపిక్ రజతాలు ఆమె సొంతం.

ఫార్మీగా దేశం తరఫున వీడ్కోలు మ్యాచ్ ఆడింది భారత్ మీదే. 2021 నవంబర్ 25న అమెజాన్ నగరం మనాస్‌లో బ్రెజిల్ 6-1తో గెలిచింది. ఎనిమిదో నిమిషంలో మనీషా కల్యాణ్ గోల్‌తో స్కోరు 1-1 కావడం భారత మహిళల ఫుట్‌బాల్‌లో చెప్పుకునే ఘట్టం. మార్తా, సౌమ్యల స్థాయి ఒకటి కాదు. దారి మాత్రం చాలా దగ్గరి పోలికతో కనిపిస్తుంది. ఇద్దరిదీ పేరులేని ఊరు. ఇద్దరూ సొంత ప్రాంతంలో అమ్మాయిలకు లీగ్ లేక దూరదేశం వెళ్లి ఆడారు. బ్రెజిల్ తర్వాత తేరుకుంది. పురుషుల పెద్ద క్లబ్బులు మహిళల జట్టు కూడా నడపాలన్న నియమం తెచ్చింది. ఆ నియమంతో అమ్మాయిల ఆట పెద్ద క్లబ్బుల దాకా చేరింది.

ఆట తీరు

సౌమ్య అంచుల నుంచి ఆడే ఫార్వర్డ్. మొదటి ఆయుధం వేగం. డిఫెండర్ వెనుక ఖాళీ కనిపిస్తే బంతిని ముందుకు నెట్టి పరుగుతో గెలుస్తుంది. రెండోది, గీత వెంబడి సాగి క్రాస్ ఇవ్వడంతో ఆగకుండా పెనాల్టీ ప్రాంతంలోకి చొచ్చుకువచ్చి తానే గోల్‌కు ప్రయత్నించడం. ఈస్ట్ బెంగాల్ సీజన్‌లో 9 గోల్స్ వచ్చింది ఈ రెండో గుణం వల్లే. జాతీయ జట్టులో మనీషా, డాంగ్‌మే గ్రేస్, ప్యారీ వంటివాళ్లతో చోటు కోసం పోటీ ఉన్నా ఎంపికదార్లు ఆమె వైపు చూడటానికి కారణం ఇదే.

ప్రాధాన్యం

హైదరాబాద్ పరిసరాల్లో ఫుట్‌బాల్ వసతులు లేవనలేం. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌కు, ఆ డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ ఆఖరి దశకు వేదికైంది. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ క్లబ్‌కు సొంత మైదానం ఉంది. ఆ క్లబ్ పురుషుల జట్టు 2022-23, 2023-24లలో వరసగా ఐ-లీగ్ రన్నరప్. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. అంటే పచ్చిక ఉంది, శిక్షకులు ఉన్నారు, నిర్వహణ తెలిసినవాళ్లు ఉన్నారు. దేశంలోని మేటి మహిళల లీగ్‌లో ఆడే జట్టే లేదు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి కోల్‌కతాకో కోళికోడ్‌కో విమానం ఎక్కితే తప్ప ఇక్కడి అమ్మాయికి ఆ స్థాయి ఆట దొరకదు.

లోటు ఎక్కడుందో సౌమ్య ప్రస్థానమే చూపిస్తుంది. బడి స్థాయిలో గుర్తింపు దొరికింది, జిల్లా స్థాయిలో శిక్షణ దొరికింది. ఆ పై మెట్టు రాష్ట్రంలో లేదు. పదిహేనేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్య వారం వారం ఆడే జిల్లాల లీగ్, ఆపై జాతీయ లీగ్‌కు వెళ్లే రాష్ట్ర జట్టు ఉంటే ఆ మెట్టు ఏర్పడుతుంది. కేరళలో గోకులం, తమిళనాడులో సేతు, ఒడిశాలో ఒడిశా ఎఫ్‌సీ చేసింది అదే. ఊరు వదలడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్న ఒకరిద్దరికే అవకాశం పరిమితమైతే, ఒప్పుకోని ఇళ్లలోని ప్రతిభ లెక్కకే రాకుండా పోతుంది. సౌమ్య తన వంతు చేసి చూపించింది. తండా నుంచి జాతీయ ఉత్తమ క్రీడాకారిణి దాకా దారి ఉందని ఆమె రుజువు చేసింది. ఆ దారిని రెండో అమ్మాయికి దగ్గర చేయాల్సిన బాధ్యత రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానిది, క్లబ్బులది, ప్రభుత్వానిది.